గాలికి అడ్డం పెట్టిన దూది

ఉబాల్దోకి ఊపిరి అందడం లేదు.

ముఖం మీద మాస్కు ఉంది. తల వెనక పట్టీలు బిగిసే ఉన్నాయి. మంచం పక్కన మెషీను గుయ్యిమని మోగుతూనే ఉంది. కానీ గొట్టంలోంచి ధారగా రావలసిన గాలి, ఎవరో గొంతు నొక్కినట్టు సన్నగా, ఆగి ఆగి వస్తోంది. నోరు తెరిచి లాగాడు. రబ్బరు వాసన తప్ప ఏమీ రాలేదు. గుండె చెవుల్లో కొట్టుకుంది. రెండు చేతులతో పట్టీలు పట్టుకుని పీకేశాడు. మాస్కు గోడకి తగిలి కింద పడింది. అతను మంచం మీంచి నేల మీదికి జారాడు.

బయట మిట్టమధ్యాహ్నపు ఎండ. నది ఒడ్డున మగంగే ఊరంతా భోంచేసి తలుపులు వేసుకుని పడుకునే వేళ. మెషీనొక్కటే మోగుతోంది.

"నరాల బలహీనత కాదు. నాకు పిచ్చి లేదు" అనుకుంటూ మెషీన్ని ఒళ్ళోకి లాక్కుని వెనక్కి తిప్పాడు. గాలి లోపలికి పోయే చిన్న కిటికీ దగ్గర వేలు పెట్టి చూశాడు. ఏదో మెత్తగా తగిలింది. గోటితో పట్టి లాగాడు.

దూది ఉండ. గట్టిగా చుట్టి, తడిపి, సందులో కుక్కారు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కర్పూరం కలిపిన సారా వాసన గుప్పుమంది.

ఆ వాసన ఎవరిదో అతనికి తెలుసు.

పెరట్లో మామిడిచెట్టు నీడన అతని బామ్మర్ది ఆల్సిదెస్ చొక్కా విప్పి కూర్చుని, భుజానికి అదే కర్పూర సారా రాసుకుంటున్నాడు. టగ్ బోటు మీద తాళ్ళు లాగీ లాగీ ఆ భుజం ఎప్పుడూ పట్టేస్తుంది. సీసా కాళ్ళ దగ్గరే ఉంది.

"చంపుదామనుకున్నావట్రా నన్ను?"

ఆల్సిదెస్ తల తిప్పాడు. "ఏంటి బావా, మళ్ళీ కలొచ్చిందా?"

"కల కాదు. ఇదిగో చూడు!" ఉబాల్దో దూది ఉండని అతని ముఖం మీదికి విసిరాడు. "మెషీను వెనక కుక్కారు. ఇంట్లో నీ దగ్గర తప్ప ఈ కంపు ఎవరి దగ్గరుంది?"

గోల విని ఎనేయిదా వంటింట్లోంచి పరుగున వచ్చింది. ఒకడు మొగుడు, ఒకడు తమ్ముడు. ఎవరి పక్కన నిలబడాలో తెలియక మధ్యలో ఆగిపోయింది. పక్కింటి గోడ మీద రెండు తలలు లేచాయి.

ఆల్సిదెస్ ఒళ్ళో పడ్డ ఉండని తీసుకుని చూశాడు. వేళ్ళ మధ్య తిప్పి మళ్ళీ చూశాడు. అతని ముఖంలో నవ్వు పోయింది.

"నేను కాదు బావా."

"మరెవరు?"

ఆల్సిదెస్ ఉండని గుప్పిట్లో మూసేశాడు.

"ఎవరంటే చెప్పవేంరా? నాలుక పడిపోయిందా? పడవ మీద నాకు చుక్కాని పోతే నీకొస్తుందనేగా?"

"నేను కాదన్నాను. అంతకంటే నన్నేం అడగకు."

"అడగకూడదా? నా ఊపిరి ఆపినవాణ్ణి నేను అడగకూడదా?" ఉబాల్దో చెయ్యెత్తాడు. ఎనేయిదా అడ్డం పడింది. ఆల్సిదెస్ లేచి చొక్కా తొడుక్కున్నాడు. తన గదిలోకి వెళ్ళి తను పడుకునే వల ఊయల చుట్టి భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాటుతూ అక్క వైపు ఒక్కసారి చూశాడు, అంతే.

"పోతే పోనీ. తప్పు చేసినవాడే నోరు మూసుకుంటాడు" అన్నాడు ఉబాల్దో.

ఆ మాట తర్వాత అతన్ని చాలాకాలం తినేసింది.

*

మగ్దలేనా నది మీద ఇంధనం బార్జీల్ని తోసే టగ్ బోటు "కందెలారియా". దానికి పెద్ద చుక్కానిదారు ఉబాల్దో, రెండో చుక్కానిదారు ఆల్సిదెస్. ఆ ఎండాకాలం పట్టపగలు, చక్రం పట్టుకునే ఉబాల్దో కునికాడు. బార్జీలు ఇసుకమేట మీదికెక్కాయి. ఒక్క చుక్క ఒలికినా, ఒక్క నిప్పురవ్వ పడినా నది తగలబడేది. అప్పుడు చక్రం లాగి, ఇంజను వెనక్కి తిప్పి, పడవని నిలబెట్టింది ఆల్సిదెసే. ఒడ్డుకొచ్చాక "నీటిమట్టం తగ్గింది సార్, ఎవరికైనా జరిగేదే" అని కంపెనీ ముందు బొంకిందీ అతనే. ఆ బొంకు నిలవలేదు. డాక్టర్లు ఉబాల్దోని పడుకోబెట్టి తలకీ గుండెకీ వైర్లు తగిలించి చూశారు. నిద్రలో అతని ఊపిరి ఆగుతోంది. ఆగి, ఉలిక్కిపడి మొదలై, మళ్ళీ ఆగుతోంది. రాత్రంతా అదే తంతు. అందుకే పగలు కునుకు. నిద్రలో మాస్కులోంచి గాలి కొట్టి ఊపిరి ఆగకుండా చూసే మెషీను ఒకటి రాసిచ్చారు.

"మాస్కు పెట్టుకుని నిద్రపోవడం నేర్చుకో" అన్నాడు కంపెనీ మేనేజరు దోన్ ఎర్మోహెనెస్. "వానలు మొదలయ్యే లోపల. లేకపోతే చుక్కాని మర్చిపో. వంటవాడికి సాయంగా వేస్తా, ఉల్లిపాయలు తరుగుదువు గాని."

మాస్కు పెట్టుకోవడం అనేది ఊళ్ళో వాళ్ళకి నవ్వులాట. ఉబాల్దోకి కాదు. కుర్రతనంలో, తాళ్ళు మోసే రోజుల్లో, అతను రెండు బార్జీల మధ్య సందులో పడ్డాడు. పైన ఇనుము, చుట్టూ బురదనీళ్ళు, ముక్కులో ఒండ్రు. జుట్టు పట్టుకుని ఎవరో పైకి లాగేదాకా ఉన్న ఆ కాసేపు అతని ఒంట్లోంచి ఎప్పుడూ పోలేదు. మాస్కు ముక్కుకి ఆనగానే అదే ఇనుము, అదే బురద. మొదటిసారి పెట్టినప్పుడు ఆస్పత్రి కుర్చీ తన్నేసి వరండాలోకి పరిగెత్తాడు.

మాస్కులు అమర్చే మారెల్విస్ అతని వెనక పరిగెత్తలేదు. తీరిగ్గా వచ్చి పక్కన కూర్చుంది. లావుపాటి మనిషి. గట్టిగా నవ్వుతుంది.

"కాప్టెనన్నా, ఇది మొసలి కాదు, కరవదు. ఇంటికి తీసుకెళ్ళు. మెషీను ముట్టుకోకు. ఊగుడు కుర్చీలో కూర్చుని రేడియో వింటూ దీన్ని ఒళ్ళో పెట్టుకో, అంతే."

"ఒళ్ళో పెట్టుకోడానికి ఇదేమైనా పిల్లి అనుకున్నావా?"

"పిల్లే అనుకో. అలవాటయ్యాక చేత్తో ముక్కుకి ఆనించు. పట్టీలు పెట్టకు. వద్దనిపిస్తే తీసెయ్. తీసేయడం నీ చేతిలోనే ఉందని నీ ఒంటికి తెలియాలి. అది తెలిసిననాడు తీయాలనిపించదు. గాలి మొదలయ్యాక లాగకు. అదే ఇస్తుంది. నువ్వు వదలడం మీదే మనసు పెట్టు. నెమ్మదిగా, పొడుగ్గా వదులు."

ఇంట్లో ఈ పని దగ్గరుండి చేయించింది ఆల్సిదెస్. ముందు తనే మాస్కు పెట్టుకుని, గొట్టం ఊపుకుంటూ పెరడంతా తిరిగాడు. "చూడు బావా, అక్కయ్యకి ఏనుగు పుట్టింది!" ఎనేయిదా పొట్ట పట్టుకుని నవ్వింది. "నిన్ను కన్నది మా అమ్మరా వెధవా, నన్ను కలపకు!" మధ్యాహ్నాలు డొమినో ఆటకి కూర్చుంటే మాస్కు పెట్టుకున్నవాడే ముందు ఆడాలని నియమం పెట్టాడు. ఓడిపోవడం ఇష్టంలేని ఉబాల్దో పెట్టుకున్నాడు. మొదట ఒక ముక్క వేసేంతసేపు. తర్వాత ఒక ఆట. ఒకరోజు ఆట అయిపోయి అందరూ లేచినా అతను మాస్కుతోనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కునుకు పట్టింది. ఎన్నో ఏళ్ళ తర్వాత గురక లేని కునుకు.

అతని తల్లి ఫిదెలీనా ఆ రోజు గుమ్మంలో నిలబడి కొడుకుని చాలాసేపు చూసింది. మెషీను దగ్గరికి వెళ్ళి గొట్టం మీద చెయ్యి పెట్టింది. "ఇంత చల్లగాలా?" అంది. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ వారంలోనే ఊపిరాడకపోవడం మొదలైంది. మాస్కుతో నిద్రపోతాడు, కాసేపటికి ఉక్కిరిబిక్కిరై లేస్తాడు. మారెల్విస్‌కి ఫోన్ చేస్తే "మనసులో భయం అన్నా, అడుగు వెనక్కి పడింది, మళ్ళీ మొదట్నించి చేద్దాం" అంది. డొమినో ముందు కూర్చున్నప్పుడు బాగానే ఉంటుంది. పడుకున్నప్పుడే ప్రాణం పోతుంది. తను పిరికివాడినని ఉబాల్దో కూడా నమ్మడం మొదలుపెట్టాడు. దూది దొరికేదాకా.

దొరికాక అతను ఆలోచించలేదు. మర్నాడు పొద్దున్నే రేవుకి వెళ్ళి, కూలీలూ, పడవవాళ్ళూ, చేపలమ్మే ఆడవాళ్ళూ వింటుండగా దోన్ ఎర్మోహెనెస్ ముందు ఆల్సిదెస్ పేరు అరిచి చెప్పాడు. చుక్కాని కోసం సొంత బావ ఊపిరాపాలని చూశాడన్నాడు. ఆల్సిదెస్‌ని అక్కడికక్కడే పడవ దింపేశారు.

ఆ గొడవంతా జరిగినప్పుడు ఫిదెలీనా ఇంట్లో లేదు. వీధి చివర చనిపోయిన ముసలాయనకి తొమ్మిది రోజుల జపాలు జరుగుతుంటే అక్కడే ఉంది. వచ్చి అడిగితే ఎనేయిదా "పడవ మీద ఏదో మాటామాటా అనుకున్నారు అత్తయ్యా" అని తేల్చేసింది. చెవులు సరిగా వినపడని ముసలమ్మ దగ్గరికి వీధి కబుర్లు అంత త్వరగా చేరవు.

*

ఆల్సిదెస్ వెళ్ళిపోయిన కొన్నాళ్ళకి మళ్ళీ ఊపిరి ఆగింది.

ఉబాల్దో మాస్కు తీసి మెషీను వెనక చూశాడు. దూది. కర్పూరం వాసన.

ఇంట్లో ఇంక ఇద్దరే ఆడవాళ్ళు. ఆ దూదిని ఎనేయిదాకి చూపించలేదు. ఆమే చేసి ఉంటే? తమ్ముడికి చుక్కాని రావాలని? అనుమానం ఒకసారి ఇంట్లోకి వచ్చాక ఏ కుర్చీలోనైనా కూర్చుంటుందని అతనికి అప్పుడు తెలిసింది. దూది తీసి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు భోజనమయ్యాక ఎప్పటిలాగే మాస్కు తగిలించుకుని, మెషీను వేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. గోడకి ఎనేయిదా చిన్న అద్దం ఉంది. కళ్ళు సగం మూశాడు.

తలుపు చప్పుడు కాలేదు. చెప్పులు లేని పాదాలు నేల మీద మెత్తగా వచ్చాయి. అద్దంలో మనిషి రాలేదు, చెయ్యి మాత్రం కనిపించింది. మెషీను వెనక ఏదో కదిలింది. గాలి సన్నబడింది.

లేవాలి. ఒళ్ళంతా లేవమంటోంది. ముక్కులో బురదనీళ్ళు, నెత్తిమీద ఇనుము. చేతులు పట్టీల వైపు కదలబోయాయి. ఇప్పుడు లేస్తే ఆ చెయ్యి వెనక్కి పోతుంది, ముఖం చూడలేడు. 'తీసేయడం నా చేతిలోనే ఉంది' అనుకున్నాడు. 'ఎప్పుడు కావాలంటే అప్పుడు. ఇప్పుడు కాదు.' లాగలేదు. వదిలాడు. నెమ్మదిగా, పొడుగ్గా. మళ్ళీ వచ్చినంతే తీసుకున్నాడు, మళ్ళీ వదిలాడు. ఇనుము కొంచెం పైకి లేచింది. బురద పలచబడింది. చేతులు పక్కమీదే ఉండిపోయాయి. జీవితంలో మొదటిసారి, ఊపిరి అందని చోట అతను కదలకుండా పడుకున్నాడు.

అప్పుడు ఆ చెయ్యి అతని నుదుటి మీదికి వచ్చింది. చెమట తుడిచింది. బొటనవేలితో నుదుటి మీద శిలువ గీసింది.

అద్దంలో అతని తల్లి ముఖం.

*

"ఆవిడకేం చెప్పకు" అంది ఎనేయిదా. ఆ సాయంత్రం ఇద్దరూ నది ఒడ్డున మెట్ల మీద కూర్చున్నారు. "మీ నాన్న సంగతి మర్చిపోయావా?"

మర్చిపోలేదు. అతని తండ్రి కూడా పడవ ఇంజనుగదిలో పనిచేసేవాడు. ఒకరోజు ఇంజను వేడికి కాలిపోయే ఒంటితో ఐసు ఫ్యాక్టరీ తలుపు తీసి లోపలికి వెళ్ళాడు. మర్నాటికి మూతి ఒక పక్కకి తిరిగిపోయింది. కన్ను మూతపడేది కాదు. చల్లగాలి కొట్టిందని ఊరంతా అన్నారు. తర్వాత డాక్టర్లు ఏవేవో పేర్లు చెప్పారు గాని, ఫిదెలీనాకి అదంతా గాలే. మొగుడికి చెంచాతో గంజి పోస్తూ, పక్కనుంచి కారేది తుడుస్తూ, ఆయన పోయేదాకా గడిపింది. ఇస్త్రీ చేసినవాళ్ళని చన్నీళ్ళు ముట్టుకోనివ్వదు. పడుకున్నవాళ్ళ మీదికి ఫ్యాను తిరగనివ్వదు. అలాంటి ఇంట్లో, నిద్రపోయే కొడుకు ముఖంలోకి తిన్నగా చల్లగాలి కొట్టే మెషీను.

మర్నాడు కాఫీ తాగుతూ ఉబాల్దో ఊరికే అడిగినట్టు అడిగాడు. "అమ్మా, ఈ మెషీను నాకు మంచిదేనంటావా?"

"నీకు మంచిదేలే. డాక్టర్లు ఇచ్చారుగా." ముసలమ్మ దగ్గరికి వంగి గుసగుసగా అంది. "గాలి కొంచెం కాచుకోవాలి, అంతే. కర్పూరం దాటుకుని వస్తే వేడెక్కుతుంది. నువ్వు పడుకోగానే పెట్టి, లేవగానే తీసేస్తూ నేను చూసుకుంటున్నాగా. చూడు, నీ మూతి చక్కగా ఉంది." మురిపెంగా అతని దవడ పట్టుకుని ఊపింది. "ఆ ఆల్సిదెస్‌గాడు ఎప్పుడొస్తాడురా? వాడికిష్టమని అరటికాయలు వేయించి పెడుతున్నా, పిల్లికి పోతున్నాయి."

ఉబాల్దో మిగిలిన కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు. నీ చెయ్యే నన్ను చంపబోయిందని ఆవిడతో ఎవరు చెప్తారు?

చెప్పలేదు. మారెల్విస్ గాలిని వేడిచేసే గిన్నె ఒకటి మెషీనుకి తగిలించింది. ముసలమ్మ చెయ్యి పెట్టి చూసి, వెచ్చగా ఉందని సంతోషపడి దూది మానేసింది. ఉబాల్దో మాస్కుతో తెల్లవారేదాకా నిద్రపోయాడు. బుగ్గలు నిండాయి. చుక్కాని తిరిగొచ్చింది. చక్రం పట్టుకుంటే నదిలో ప్రతి సుడీ కనిపించేది. ఎడమ పక్కకి తిరిగి "ఏరా, ఆ మేట చూశావా" అనబోయేవాడు. అక్కడ ఎవరో కొత్త మనిషి నిలబడి ఉండేవాడు.

ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూ వానలు వచ్చేశాయి. ఆల్సిదెస్ నది అవతల చేపల పడవ మీద వల లాగుతున్నాడని, ఆ భుజం పూర్తిగా పట్టేసిందని ఎవరో చెప్పారు. ఎనేయిదా మొగుడి కంచంలో అన్నం పెట్టేది గాని, కళ్ళలోకి చూసేది కాదు.

*

"ఇవాళ తేల్చేద్దాం" అన్నాడు దోన్ ఎర్మోహెనెస్. కందెలారియా బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. రేవులో అతని పక్కన తెల్లచొక్కా తొడుక్కున్న రేవు అధికారి. కొంచెం దూరంలో, స్తంభానికి ఆనుకుని ఆల్సిదెస్. పిలిపించినట్టున్నారు. చిక్కిపోయాడు. కుడి చెయ్యి ఒంటికి అంటిపెట్టుకుని ఉంది. "ఆ రోజు చెప్పిందే ఈయన ముందు చెప్పు ఉబాల్దో. మనిషి ఊపిరి ఆపేవాడికి ఈ నది మీద చుక్కాని లైసెన్సు ఉండకూడదు."

"అతను కాదు సార్. పొరపాటు పడ్డాను."

"పొరపాటా?" అధికారి కనుబొమలెత్తాడు. "దూది ఉన్నమాట నిజమేగా?"

"నిజమే."

"నడుచుకుంటూ వచ్చి అదే దూరిందా?"

పడవ మీద ఎవరో కిసుక్కున నవ్వారు.

"పెళ్ళాం పోరు పెట్టుంటుంది సార్, అందుకే ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాడు" అన్నాడు దోన్ ఎర్మోహెనెస్. "ఇతను కాకపోతే ఎవరో చెప్పు. చెప్పలేకపోతే మొదటి మాటే నిలబడుతుంది."

ఉబాల్దో అడుగులో అడుగు వేసుకుంటూ ఆల్సిదెస్ దగ్గరికి వెళ్ళాడు. గొంతు తగ్గించాడు. "నీకు తెలుసు. ఆ రోజే తెలుసు. ఎందుకు చెప్పలేదురా?"

"ఉండ చూడగానే తెలిసింది." ఆల్సిదెస్ నది వైపు చూస్తూ అన్నాడు. "చిన్నప్పుడు నాకు చెవిలో చీము పడితే అలాంటి ఉండలే చుట్టి పెట్టేది. మా అమ్మ పోయాక ఆవిడే నాకు అన్నం పెట్టింది. ఆ పేరు నా నోటెంట రాదు బావా. నువ్వు చెప్తే చెప్పు, మానితే మాను. నేను వలలు లాగి బతకగలను."

"ఆ చేత్తోనా?"

ఆల్సిదెస్ ఆ చేతిని ఒంటికి ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

అప్పుడే మూడుచక్రాల బండి హారను కొడుతూ రేవులోకి వచ్చింది. ఫిదెలీనా దిగింది. పడవ కదిలే ప్రతిసారీ ఆకులో కట్టిన అన్నం పొట్లం తెచ్చి కొడుకు చేతిలో పెట్టడం ఆవిడ అలవాటు. ఆల్సిదెస్‌ని చూడగానే ముఖం వెలిగిపోయింది.

"వచ్చావా దొంగసచ్చినోడా! ఎన్నాళ్ళైందిరా? ఎంత చిక్కిపోయావు!" పొట్లం అతని చేతిలో కుక్కేసింది. "నువ్వు తిను. వీడికి ఇంట్లో రోజూ ఉన్నదే." అప్పటిగ్గాని చుట్టూ మూగిన జనం ఆవిడకి కనపడలేదు. "ఏంటిది? ఎవరైనా పడ్డారా నీళ్ళలో?"

దోన్ ఎర్మోహెనెస్ ఆవిడ చెవి దగ్గర గట్టిగా అరిచాడు. "మీ అబ్బాయి మెషీనుకి గాలి ఆడకుండా ఎవరో అడ్డం పెట్టారమ్మా! చచ్చిపోయేవాడే! ఎవరో చెప్పమంటే చెప్పడంలేదు!"

ముసలమ్మ ముఖం తెల్లబోయింది. ఒక్కో మాటా లోపలికి దిగడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక వచ్చి కొడుకు చొక్కా రెండు చేతులతో పట్టుకుంది.

"నీ గాలి ఆపారా? ఎవడు వాడు? ఆ చేతులు పడిపోను! నాతో ఎందుకు చెప్పలేదు నాయనా? ఎవడికి భయపడుతున్నావు? నేనున్నాగా. చెప్పు, పేరు చెప్పు!"

ఉబాల్దో ఆ చేతుల్ని చూశాడు. చూపు తిప్పితే స్తంభం దగ్గర ఆల్సిదెస్, అన్నం పొట్లం ఎడమచేత్తో పట్టుకుని, వద్దన్నట్టు తల ఆడిస్తున్నాడు. పడవ మీద వాళ్ళు, చేపల బుట్టల దగ్గర ఆడవాళ్ళు, అందరూ ఇటే చూస్తున్నారు. ఇదే జనం ముందు ఆ రోజు ఒక పేరు ఎంత తేలిగ్గా వచ్చింది నోట్లోంచి.

తల్లి చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. అవి పడిపోకుండా గట్టిగా పట్టుకున్నాడు. ఊపిరి లాగలేదు, వదిలాడు. ఆవిడకి వినపడేలా, రేవంతటికీ వినపడేలా చెప్పాడు.

"ఆల్సిదెస్ కాదు. దూది పెట్టింది ఫిదెలీనా. మా అమ్మ. నువ్వేనమ్మా."